వెన్ను చూపే అద్దాలు

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే మానులో రెండు రూపాలు చెక్కిన ఫ్రెంచి కొయ్యబొమ్మ ఉంది. ముందువైపు తల ఎగరేసి నిలబడ్డ మెఫిస్టోఫిలిస్, వెనకవైపు తల వంచుకున్న మార్గరెట్టా. గ్యోతే ‘ఫౌస్ట్’ పేరు వినని వాళ్లు కూడా దాని దగ్గర ఆగుతారు. బొమ్మ వెనక నిలువుటద్దం ఉండటమే అందుకు కారణం. దయ్యాన్ని చూస్తున్న కంటికి అదే క్షణంలో ఆ అమ్మాయి కూడా కనిపిస్తుంది. ఆ అద్దం తీసేస్తే మనకు సగం శిల్పమే దక్కుతుంది. రెండు ముఖాలున్న వస్తువుకు రెండూ చూపాలన్న ఈ చిన్న సూత్రం హైదరాబాదు మ్యూజియంలో పసిపిల్లలకు కూడా అర్థమయ్యేలా అమలవుతోంది. చిత్రం ఏమిటంటే, సాక్షాత్తూ అద్దాల విషయంలోనే ప్రపంచంలోని పెద్ద మ్యూజియాలు దీన్ని పక్కన పెట్టాయి. లండన్ వెళ్లినా, న్యూయార్క్ వెళ్లినా, టోక్యో వెళ్లినా, చైనా కంచు అద్దాల గ్యాలరీలో దాదాపుగా ప్రతి అద్దమూ సందర్శకుడికి వెన్ను చూపే నిలబడి ఉంటుంది. నగిషీ చెక్కిన వెనకవైపు మనకు, మొహం చూసుకోవలసిన ముందువైపు గోడకు. అద్దాన్ని ఇలా చూపినప్పుడు అది అద్దంగా ఉండటం మానేసి, బొమ్మలున్న గుండ్రటి పలక అయిపోతుందన్నది నా వాదన. ఈ అలవాటు ఎలా పుట్టిందో, దానివల్ల మన చేయి జారిపోతున్నదేమిటో, మార్చాలంటే వచ్చే అభ్యంతరాల్లో నిలబడేవెన్నో తరచి చూడాలి. హైదరాబాదు పడమటి అంచున, అద్దాల మేడల మధ్య పెరిగిన హైటెక్ సిటీలో, దీన్ని వేరేలా చేసి చూపే అవకాశం ఉందని కూడా నమ్ముతున్నాను.

ముందుగా వెనకవైపుకు ఇవ్వవలసిన గౌరవం ఇచ్చేద్దాం. చైనా నేలలో దొరికిన తొలి కంచు అద్దాలు సుమారు క్రీస్తుపూర్వం 2000 నాటి ఛీజ్యా సంస్కృతివి. ఛింగ్‌హై ప్రాంతంలోని గామతాయ్‌లో బయటపడిన చిన్న అద్దం వెనక నక్షత్రం ఆకారంలో గీతలున్నాయి. 1976లో అన్‌యాంగ్‌లో షాంగ్ రాణి ఫూ హావ్ సమాధి తవ్వినప్పుడు వందలకొద్దీ కంచు పాత్రల మధ్య నాలుగే అద్దాలు దొరికాయి. అప్పటికి అద్దం అరుదైన వస్తువు. హాన్ వంశం కాలానికి, అంటే మన శాతవాహనుల రోజులకు కాస్త అటూ ఇటూగా, అది కలిగిన ఇళ్లలో మామూలు సామాను అయింది. అప్పటి వెనకవైపులు నిజంగానే చదవదగ్గ పుస్తకాలు. మధ్యలో బొడిపె, చుట్టూ భూమిని సూచించే చదరం, దాని చుట్టూ ఆకాశాన్ని సూచించే వలయం, మధ్య ఖాళీల్లో నాలుగు దిక్కుల జంతువులు. చదరం అంచుల మీద కోణాకారపు గుర్తులు కొన్ని ఉంటాయి. క్రీస్తుశకం 9 నుంచి 23 వరకు సింహాసనం మీద ఉన్న వాంగ్ మాంగ్ కాలంలో ఈ తరహా బాగా చలామణి అయింది. అవే గుర్తులు ల్యూబో అనే జూదపు పలక మీద కూడా కనిపిస్తాయి. 1993లో జ్యాంగ్‌సూ ప్రాంతపు యిన్‌వాన్ సమాధిలో దొరికిన, జోస్యానికి వాడిన గీతల పటం ఆ పోలికను ఇంకా గట్టిపరిచింది. కొన్నింటి అంచున రాజకార్ఖానా పేరు, రేగుపళ్లు తిని బతికే అమరుల ముచ్చట, కొనుక్కున్నవారికి దీర్ఘాయువు కోరే దీవెన. తాంగ్ కాలానికి వచ్చేసరికి జూదపు గుర్తులు పోయి, ద్రాక్షతీగల మధ్య సింహాలు, ముత్యపుచిప్ప పొదిగిన పూలు వచ్చాయి. ఇదంతా విలువైన సమాచారమే. అద్దం వెనకవైపు చూపవద్దని ఎవరూ అనరు, నేనూ అనను.

అయితే వెనకవైపు ఒక్కటే చూపే అలవాటు అద్దాల స్వభావం నుంచి పుట్టినది కాదు, వాటిని పరిశోధించిన పద్ధతి నుంచి పుట్టింది. ఉత్తర సాంగ్ వంశం చివరి దశాబ్దాల్లో, హ్వీజోంగ్ చక్రవర్తి సేకరణకు తయారైన ‘బోగుతు’ అనే పట్టికలో పాత కంచు పాత్రలతో పాటు అద్దాలకూ చోటు దొరికింది. ఆ పట్టికల్లోనూ, తర్వాతి శతాబ్దాల పండితుల దగ్గరా పని జరిగింది కాగితం మీద. ఎత్తుపల్లాలున్న తలం మీద తడి కాగితం పరిచి, అద్ది, సిరా పూసి నకలు తీసేవారు. మన శాసన పరిశోధకులు కూడా చాలాకాలం అదే పని చేశారు. 1914లో నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ మొదలై, గులాం యజ్దానీ దాని బాధ్యత తీసుకున్న రోజుల నుంచి తెలంగాణ శాసనాల్లో ఎన్నో మనకు చేరింది నల్లటి కాగితపు నకళ్ల రూపంలోనే. నునుపైన ముఖం మీద కాగితం పరిస్తే ఒట్టి నల్లటి వలయమే వస్తుంది. నకలు తీయడానికి వీలుకానిదేదీ విద్వాంసుడి బల్ల మీదికి రాలేదు. బల్ల మీదికి రానిదేదీ తర్వాత మ్యూజియం గాజు పెట్టెలోకి కూడా రాలేదు. ఇలా ఒక పనిముట్టు పరిమితి వెయ్యేళ్లపాటు వస్తువు అర్థంగా చలామణి అయింది.

ఆ అద్దాల్ని వాడిన మనుషులు, వాటిని చచ్చినవాళ్లతో పంపిన మనుషులు, ఏ వైపును ముఖ్యమనుకున్నారో చెప్పే సాక్ష్యం వేరే చోట దొరుకుతుంది. క్రీస్తుశకం 239లో జపాన్‌లోని వా దేశపు రాణి హిమికో పంపిన రాయబారులకు వెయ్ చక్రవర్తి ఇచ్చిన కానుకల్లో వంద కంచు అద్దాలున్నాయని చైనా చరిత్ర గ్రంథం చెబుతోంది. జపాన్‌లోని నారా దగ్గర తెన్రీలో కురోజుకా అనే మట్టిదిబ్బ సమాధిని 1997, 98ల్లో తవ్వారు. త్రికోణపు అంచున్న అద్దాలు ముప్పైమూడు అందులో ఒక్కసారిగా దొరికాయి. అవి హిమికోకు వచ్చిన అద్దాలా, జపాన్‌లో పోసినవా అన్న వివాదం ఇంకా తెగలేదు. ఆ వివాదం కన్నా నాకు విలువైనది వాటిని అమర్చిన తీరు. శవపేటిక చుట్టూ నిలబెట్టిన అద్దాల మెరిసే ముఖాలు లోపలికి, మృతుడి వైపుకు తిరిగి ఉన్నాయి. ఆ ఖననం చేసినవాళ్లకు ముఖమే పని చేసే వైపు. తెన్రీలోని ప్రదర్శనశాలలో ఆ సమాధి గదిని అసలు కొలతలతో తిరిగి కట్టి, అద్దాల్ని దొరికిన దిశలోనే పెట్టారు. ఒక అద్దం ఎటు చూస్తోందన్న ప్రశ్నకు సందర్శకుడికి జవాబు దొరికే చోట్లు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి, వాటిలో అదొకటి. బ్రిటిష్ మ్యూజియంలోని ప్రసిద్ధ చిత్రపటం, గు కైజీ పేరుతో పిలిచే రాణివాసపు హితోపదేశ పటం, అందులో అలంకరణ చేసుకునే స్త్రీ మనకు వీపు తిప్పి కూచుంటుంది. ఆమె మొహం అద్దంలోనే కనిపిస్తుంది. చిత్రకారుడికి అర్థమైనది గాజు పెట్టె పేర్చినవాడికి అర్థం కాకపోవడం విచారకరం.

ముఖం వైపు చదవడానికేముందని అడగవచ్చు. నా ఉద్దేశంలో అసలు శాస్త్రమంతా అక్కడే ఉంది. మొదటిది లోహం. ‘కావ్‌గొంగ్‌జి’ అనే పాత శిల్పవిధుల గ్రంథం కంచులో తగరం పాళ్లను ఆరు రకాలుగా విభజించి, అద్దాలకు అన్నిటికన్నా ఎక్కువ తగరం చెప్పింది. ఆ పాలు సగమా, మూడో వంతా అన్నది మూలపాఠాన్ని ఎలా అన్వయిస్తామన్న దాన్నిబట్టి మారుతుంది. హాన్ అద్దాల్ని పరీక్షిస్తే రాగి సుమారు డెబ్బై శాతం, తగరం ఇరవై మూడు నుంచి ఇరవై ఐదు, మిగతాది ఎక్కువగా సీసం. తగరం పెరిగేకొద్దీ కంచు ఎరుపు విడిచి తెలుపెక్కుతుంది, మెరుగు నిలుపుకుంటుంది, అదే సమయంలో గాజులా పెళుసవుతుంది. చేతిలోంచి జారితే ముక్కలయ్యే వస్తువును రోజూ వాడుకునేలా పోయడంలో కంచరి నేర్పంతా ఉంది. రెండోది వంపు. పదకొండో శతాబ్దపు షెన్ క్వో తన వ్యాసాల్లో ఒక సూక్ష్మం గమనించాడు. పూర్వపు పోతపనివారు పెద్ద అద్దాల్ని చదునుగా, చిన్న అద్దాల్ని కొంచెం ఉబ్బుగా చేశారని, ఉబ్బు ఉంటే అరచేతంత అద్దంలో కూడా మొహం మొత్తం ఇముడుతుందని రాశాడు. ఈ సంగతి వెనకవైపునుంచి ఎంత చూసినా తెలియదు. మూడోది మెరుగు. పోత తీసిన అద్దం మసకగానే ఉంటుంది. ‘హ్వైనాన్‌జి’ గ్రంథం దానికి ‘ముదురు తగరం’ పూసి, తెల్లని ఉన్నిబట్టతో రుద్దాలని చెప్పింది. అది పాదరసం కలిపిన తగరమేనా, కొన్ని అద్దాల వెండి మెరుపు, మరికొన్నిటి నల్లటి నిగనిగ ఆ పూతవల్ల వచ్చాయా, మట్టిలో వందల ఏళ్లు ఉండటంవల్ల వచ్చాయా అన్నది లోహశాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా తర్కిస్తున్న విషయం. వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీకి చెందిన టామ్ చేజ్ 1979లో నల్ల అద్దాల మీద ప్రచురించిన పరిశోధన ఈ చర్చలో మైలురాయి. ఈ వాదోపవాదాల సాక్ష్యాల్లో చాలా భాగం మెరుగుపెట్టిన తలం మీదే ఉంది. గోడవైపు తిప్పిన అద్దం ఆ సాక్ష్యాన్ని కూడా గోడవైపే తిప్పుకుంటుంది.

నాలుగోది, అన్నిటికన్నా ఆశ్చర్యకరమైనది, మాయ అద్దం. కొన్ని కంచు అద్దాల ముఖం మామూలుగా నునుపుగానే కనిపిస్తుంది, మొహమూ చూసుకోవచ్చు. ఎండలో పట్టి ఆ వెలుగును గోడ మీద పడేస్తే, వెనకవైపున్న బొమ్మ వెలుగు గీతలుగా గోడ మీద తేలుతుంది. వెలుతురు లోహం గుండా దూసుకువచ్చిందా అనిపిస్తుంది. షెన్ క్వో దీన్ని కూడా పట్టించుకున్నాడు. పలుచని చోట ముందుగా, మందమైన చోట ఆలస్యంగా చల్లారడంవల్ల ముఖం మీద కంటికి అందని ఎగుడుదిగుళ్లు ఏర్పడతాయని అతను ఊహించాడు. ఐరోపాకు ఈ వింత చేరడంలో మన దేశానికి భాగముంది. 1832లో కలకత్తాకు వచ్చిన ఒక చైనా అద్దం వర్తమానం విని డేవిడ్ బ్రూస్టర్ వ్యాసం రాశాడు, అదే ఏడు కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో జేమ్స్ ప్రిన్సెప్ రాశాడు. బ్రాహ్మీ లిపి గుట్టు విప్పి అశోకుడి శాసనాలు చదివించిన ప్రిన్సెప్ అతనే. బ్రూస్టర్ ఇది కంచరి గారడీ అని, బొమ్మను ముఖం మీదే గీసి మెరుగు కింద దాచారని అనుమానించాడు. 1870ల చివర్లో జపాన్‌లో పనిచేసిన ఎయిర్టన్, పెర్రీ అసలు కారణం వైపు దారి చూపారు. మెరుగుపెట్టేటప్పుడు పలుచని భాగాలు ఒత్తిడికి వంగి, వదిలాక పైకి లేస్తాయి, మందమైన భాగాలు చదునుగా మిగులుతాయి. ఉబ్బినచోట పడ్డ వెలుగు చెదురుతుంది, చదునైన చోటిది చిక్కగా పడుతుంది. 2006లో బ్రిస్టల్ భౌతికశాస్త్రజ్ఞుడు మైకేల్ బెర్రీ దీని గణితాన్ని తేల్చాడు. ఆ ఎత్తుపల్లాలు మైక్రోమీటరులో కొన్ని పదో వంతులు మాత్రమే.

నా వాదనకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం అమెరికాలోని సిన్సినాటి నుంచి వచ్చింది. అక్కడి కళా మ్యూజియంలో పదిహేను, పదహారు శతాబ్దాల నాటి ఒక బౌద్ధ కంచు అద్దం 1961 నుంచి ఉంది. వెనకవైపు అమితాభుడి నామాన్ని చెప్పే ఆరు అక్షరాలు, అంతే. పట్టికలో నమోదైంది, ఎక్కువకాలం భాండాగారంలోనే గడిపింది. 2021లో క్యూరేటర్ హౌమెయ్ సుంగ్ అలాంటి మాయ అద్దాల గురించి చదివి, దీని ముఖం మీద ఫోను లైటు వేసి చూశారు. గోడ మీద కిరణాలు వెదజల్లుతున్న బుద్ధుడి ఆకారం కదిలింది. అసలు బొమ్మ వెనకవైపు పలక కింద దాగి ఉంది, అక్షరాలున్న పైపొర దాన్ని కప్పింది. 2022 జూలైలో దాన్ని జనం చూసేలా ప్రదర్శనకు పెట్టారు. అరవై ఏళ్లు ఆ బుద్ధుడు ఎవరికీ కనిపించకపోవడానికి కారణం నిపుణుల కొరత కాదు, డబ్బు లేకపోవడం అంతకన్నా కాదు. అద్దాన్ని వెనకవైపునుంచే చదవాలన్న అలవాటు ఒక్కటే కారణం. వేరే మ్యూజియాల భాండాగారాల్లో ఇలాంటివి ఇంకెన్ని ఉండవచ్చో ఆలోచిస్తే, ముఖం చూపడం సందర్శకుడి సరదా కోసం అడుగుతున్న కోరిక కాదని, పరిశోధనకు అది తప్పనిసరి మెట్టు అని స్పష్టమవుతుంది. షాంఘై మ్యూజియం ఈ సంగతి ముందే గ్రహించింది. పశ్చిమ హాన్ కాలపు మాయ అద్దాన్ని అది వెలుగు బొమ్మతో సహా చూపుతోంది. 1970ల్లో అక్కడి విశ్వవిద్యాలయాలు ఆ అద్దాన్నే పట్టుకుని తయారీ పద్ధతిని మళ్లీ సాధించాయి.

మొదటి అభ్యంతరం సంరక్షకులది, అది తేలిగ్గా తోసెయ్యదగ్గది కాదు. నేలలోంచి వచ్చిన అద్దాల్లో ఎక్కువ వాటి ముఖం పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. అందులో మొహం కనిపించదు. కనిపించాలంటే రుద్దాలి, రుద్దితే రెండువేల ఏళ్ల చరిత్ర పోతుంది. పండుగకు చింతపండు వేసి ఇత్తడి బిందె తోమినట్టు ఒక హాన్ అద్దాన్ని తోమితే, మెరుపు వస్తుంది, దానితోపాటే చుట్టిన పట్టుబట్ట ఆనవాలు, సమాధి మట్టి రసాయనం, పాత మెరుగుగీతలు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. కాబట్టి అసలు అద్దాన్ని తిరిగి మెరుగుపెట్టడం ఎన్నటికీ జరగకూడదు. మరి చిలుముపట్టిన ముఖాన్నే చూపడం ఎందుకంటే, ఆ చిలుములోనే ఇందాక చెప్పిన ఆనవాళ్లు ఉన్నాయి కనుక. వంపు కూడా పోదు, పక్కనుంచి వెలుగు వేస్తే చిలుము కింద కూడా కనిపిస్తుంది. ఇక తేమ సంగతి. క్లోరైడు లవణాలు చేరిన కంచుకు గాలిలో తేమ తగిలితే పొడిపొడిగా రాలిపోయే జబ్బు పట్టుకుంటుంది, అందుకని సాపేక్ష తేమను నలభై శాతం లోపల ఉంచాలంటారు. హైదరాబాదు వానాకాలంలో అది గాజు పెట్టెకు పరీక్షే. కానీ ఈ నగరానికి ఇలాంటి పని కొత్త కాదు. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం ఈజిప్టు మమ్మీని గాలి చొరబడని, నైట్రోజన్ నింపిన పెట్టెలోకి మార్చి కాపాడుతోంది. మనిషి శరీరానికి చేయగలిగినది అరచేతంత లోహానికి చేయడం కష్టమేమీ కాదు.

రెండో అభ్యంతరం నకళ్ల మీద. ముఖం పని చేయడం చూపాలంటే కొత్తగా పోసిన అద్దం కావాలి. మ్యూజియం అసలును చూడటానికి వచ్చే చోటు, అక్కడ నకలు పెడితే చూసేవాడు దేన్ని నమ్మాలి? ఈ మాటలో న్యాయం ఉంది, పురాతనంగా కనిపించేలా తయారుచేసిన నకలు విషయంలో మాత్రమే. కొత్తదని నెత్తిన రాసి, చేతికి అందేలా పెట్టిన అద్దం ఎవర్నీ మోసం చేయదు. పైగా దాన్ని పోయగల కంచరులు దూరాన లేరు. కేరళలోని ఆరన్ముళలో లోహపు అద్దాలు ఇప్పటికీ చేస్తున్నారు. ఆ కంచులో తగరం సుమారు ముప్పైమూడు శాతం, చైనా అద్దాల కన్నా ఎక్కువ. బెంగుళూరు పరిశోధకురాలు శారదా శ్రీనివాసన్ దాని సూక్ష్మనిర్మాణాన్ని పరిశీలించి, దక్షిణాదిలో తగరం ఎక్కువున్న కంచుకు పెద్ద సంప్రదాయం ఉందని, ఆదిచనల్లూరు, నీలగిరి సమాధుల పాత్రలు అందుకు సాక్ష్యమని చూపారు. ఆరన్ముళ అద్దం మీద వేలు పెడితే బింబం వేలికి అంటుకుని ఉంటుంది. గాజు అద్దంలో అయితే వేలికీ బింబానికీ మధ్య గాజు మందమంత సందు ఉంటుంది. వందేళ్లకు పైగా గాజు అద్దాలకే అలవాటుపడ్డ మనకు, మొహం చూసుకోవడం అప్పట్లో ఎలా ఉండేదో చెప్పడానికి ఇంతకన్నా సూటి దారి లేదు. నకలు అసలుకు బదులు కాదు. అసలు చిలుము కింద దాచుకున్న ప్రశ్నకు అది ప్రయోగరూపంలో జవాబు, ఆ జవాబు మ్యూజియంలో ఉండదగ్గదే.

మూడో అభ్యంతరం హైటెక్ సిటీలోనే ఎక్కువగా వినిపిస్తుంది: ఇదంతా తెర మీద చూపొచ్చు కదా? త్రీడీ స్కాను చేసి, వెనకా ముందూ తిప్పి, గోడల నిండా ప్రొజెక్టరుతో వెలిగిస్తే సరిపోదా? 1998 నవంబరులో సైబర్ టవర్స్ మొదలైన నాటి నుంచి ఈ ప్రాంతం పెరిగిందే తెర మీది పని మీద, అందుకే ఆ ప్రశ్న సహజం. పరిశోధనకు కంప్యూటర్ చేసే మేలు నేను కాదనను. వస్తువు మీద అనేక దిక్కులనుంచి వెలుగు వేసి తీసిన ఫోటోల్ని కలిపి తలం ఎత్తుపల్లాల్ని బయటపెట్టే పద్ధతికి మూలం 2001లో హ్యూలెట్ ప్యాకార్డ్ పరిశోధనశాలలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం చేసిన పని. కంప్యూటర్ పరిశ్రమ చేతుల్లో పుట్టిన ఆ సాధనాన్ని ఇవాళ మ్యూజియాల్లో నాణేలకు, శాసనాలకు, అద్దాలకు వాడుతున్నారు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ కూడా హంపీ వంటి వారసత్వ కట్టడాల మీద ఇలాంటి పనులు చేసింది. అద్దం మెరుగుగీతలు చదవడానికి ఈ నేర్పు కావాలి. ప్రదర్శన దగ్గరికి వచ్చేసరికి కథ వేరు. తెర తన వెలుగు తానే పుట్టిస్తుంది, అద్దం ఎదుటివాడి వెలుగునే తిరిగిస్తుంది. తెర మీది అద్దంలో చూసేవాడి మొహం ఉండదు, కెమెరా పెట్టి ఇరికించినా అది కెమెరా చూసిన మొహమే. మాయ అద్దాన్ని యానిమేషన్‌తో చూపితే చూసేవాడికి మిగిలేది ఆ పని చేసిన డిజైనరు మీద నమ్మకం మాత్రమే. కంచు ముక్క, చిన్న దీపం, తెల్లటి గోడ ఎదురుగా ఉంటే అతను చేయి అడ్డం పెట్టి, అద్దాన్ని వంచి, బొమ్మ ఎలా చెదురుతుందో తనే పరీక్షించుకోగలడు. అందుకే ఈ రోజుల్లో ఊరూరా వెలుస్తున్న ‘లీనమయ్యే’ తెరల ప్రదర్శనల దారి అద్దాలకు తగదని గట్టిగా చెప్పదలుచుకున్నాను.

చివరి అభ్యంతరం అన్నిటికన్నా మొండిది: చైనా అద్దాల బాగోగులు హైదరాబాదుకెందుకు? దీనికి సేకరణ ఒక జవాబు చెబుతుంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో కన్నుమూసేనాటికి పోగుచేసిన వస్తువుల్లో చైనా, జపాన్ పింగాణీ, కంచు, లక్కపని, పట్టు అల్లికలు పెద్ద భాగం. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ ప్రారంభించిన నాటి నుంచి, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారాక కూడా, తూర్పు ఆసియా కళను తెలుగువాళ్లు కళ్లారా చూసిన ముఖ్యమైన చోటు అదే. మన ఆచారం ఇంకో జవాబు చెబుతుంది. గుళ్లో ఉపచారాల వరుసలో దేవుడికి దర్పణం చూపించే ఘట్టం ఉంది. గోడమీద రాసిన దైవానికో, తడిస్తే పాడయ్యే బింబానికో అభిషేకం చేయవలసివస్తే ఎదురుగా అద్దం పెట్టి, అందులోని ప్రతిబింబానికి నీళ్లు పోసే పద్ధతి ఉంది. బెంగాల్ దుర్గాపూజల్లో అది ఇవాళ కూడా చూడవచ్చు. అంటే అద్దం ముఖమే శక్తి ఉన్న వైపు అన్న భావన మనకు పరాయిది కాదు. సముద్రం మూడో జవాబు చెబుతుంది. 1998లో ఇండోనేసియాలోని బెలితుంగ్ దీవి దగ్గర దొరికిన తొమ్మిదో శతాబ్దపు అరబ్బు తరహా ఓడలో చైనా పింగాణీతో పాటు ఇరవైతొమ్మిది కంచు అద్దాలున్నాయి. వాటిలో ఒకటి 758వ సంవత్సరంలో యాంగ్‌జోలో పోసినదని దాని మీదే రాసి ఉంది. పడమటి రేవులకు పోయే ఆ ఓడల దారి మన సముద్రం గుండానే. అద్దం చైనా ఇంటి లోపలి వస్తువు మాత్రమే కాదు, హిందూ మహాసముద్రపు వర్తకంలో మూటకట్టిన సరుకు కూడా.

కాబట్టి ఎక్కడ, ఎలా అన్నదే మిగిలింది. నగరపు పాత మ్యూజియాలు రెండూ పాతబస్తీకి, నాంపల్లికి దగ్గర. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా పరుచుకున్న ఐటీ ప్రాంతంలో లక్షల మంది పనిచేస్తున్నా, పురావస్తువుల్ని చూసే శాశ్వతమైన చోటు లేదు. అక్కడ ఉన్నవి చేతిపనుల కోసం శిల్పారామం, చిత్రకళ కోసం మాదాపూర్‌లోని రాష్ట్ర కళా గ్యాలరీ. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో రాక్షసగుళ్ల కాలపు సమాధులు బయటపడినా, అద్దాల మేడల్లో పనిచేసేవారిలో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు. కళా గ్యాలరీలో ఒక చిన్న అద్దాల ప్రదర్శన పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు. సాలార్‌జంగ్‌ది కేంద్రం కింద ఉన్న జాతీయ సంస్థ, గ్యాలరీ రాష్ట్రానిది. రెంటి మధ్య అరువు ఒప్పందం చేసుకోవచ్చు, విదేశీ మ్యూజియాల అద్దాల కోసం అడిగినా ఈ రెండూ కలిసి అడిగితే వాళ్లు వినే అవకాశం ఎక్కువ. అసలు అద్దాల్ని పొడిగాలి నింపిన పెట్టెలో బల్ల ఎత్తున పడుకోబెట్టి, కింద ఒక మామూలు అద్దం పరిస్తే, తలెత్తకుండానే వెనకా ముందూ రెండూ చదవొచ్చు. మెఫిస్టోఫిలిస్ బొమ్మకు సాలార్‌జంగ్‌లో ఎప్పుడో చేసిన పని ఇదే. పక్క గదిలో చీకటి, చిన్న బిందువులా వెలిగే దీపం, ఆరన్ముళ పోత అద్దం, మాయ అద్దపు నకలు. అలాంటి నకలు పోయించడానికి, మెరుగుపెట్టే మందం లెక్క తేల్చడానికి రాయదుర్గంలో 2023 మార్చి నుంచి నడుస్తున్న టీ-వర్క్స్‌లో యంత్రాలున్నాయి, కంచరి పక్కనుంటే ఆ యంత్రాలకూ పని దొరుకుతుంది. గది నిండా గొట్టపుదీపాలు వెలిగిస్తే మాయ అద్దం పనిచేయదు. విస్తరించిన కాంతిలో బొమ్మ కరిగిపోతుంది. అందుకని దీపం ఎంపికను అలంకరణ కాంట్రాక్టరుకు వదలకుండా భౌతికశాస్త్రం చదివినవారికి అప్పగించాలి. వివరణ పలకలు తెలుగులో ఉండాలి. తెలుగు వాక్యం ఇంగ్లీషు కింద చిన్న అక్షరాల్లో నక్కకూడదు. ప్రతి పలకలో మొదటి వాక్యం అద్దం ముఖం ఎంత ఉబ్బుగా ఉందో, కంచులో తగరం ఎంతో, మెరుగు ఎలా పెట్టారో చెప్పాలి. వెనకవైపు డ్రాగన్ల సంగతి రెండో వాక్యంలో రావచ్చు.